వానను చిత్రించుట, చిన్న ప్రాణులను దగ్గరగా చూపుట

వాన కంటికి కనబడినట్లు కెమేరాకు కనబడదు. ముక్కాము తీరమున నిలిచి చూచువానికి సముద్రము మీదుగా నడచి వచ్చు వానతెర స్పష్టముగా గోచరించును. వాడే సెల్‌ఫోను తీసి చిత్రము పట్టినచో బూడిదరంగు ఆకాశమును, అంతకంటె ముదురుగా నున్న నీటిని మాత్రమే ఇంటికి తెచ్చుకొనును. మా విద్యార్థులలో పెక్కుమంది ఈ విషయమున నిరుత్సాహము చెంది, ఖరీదైన కెమేరా లేకపోవుటయే ఇందులకు కారణమని తలంచుచున్నారు. అది సరి కాదు. కారణము చినుకు వేగములో నున్నది, వెలుతురు వచ్చు దిక్కులో నున్నది, చిత్రము తీయువాడు నిలిచిన తావులో నున్నది. ఈ మూడింటిని తెలిసికొన్నవానికి తండ్రిగారి ఫోనే చాలును.

మొదట చినుకును గూర్చి కొంత తెలిసికొందము. చినుకు పైన మొనదేరి క్రింద గుండ్రముగా నుండునట్లు పుస్తకములలో బొమ్మలు వేయుదురు. నిజమైన చినుకు అట్లుండదు. రెండు మిల్లీమీటర్లకు లోబడిన చినుకు దాదాపు గోళాకారముగనే యుండును. అంతకు పెద్దదైనచో గాలి అడ్డగింపుచే క్రిందివైపు అణగి, పొంగిన బన్నురొట్టెవలె నగును. ఐదారు మిల్లీమీటర్లు దాటినది నిలువజాలక గాలిలోనే చిట్లిపోవును. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున విల్సన్ బెంట్లీ అను కర్షకు డొకడుండెను. సూక్ష్మదర్శినికి కెమేరాను తగిలించి 1885లో మంచురవ్వను చిత్రించినవాడాతడు. ఆతడే చినుకుల పరిమాణమును కూడ కొలిచి 1904లో ప్రకటించెను. ఆతని సాధనము ఒక పళ్ళెము, అందులో అంగుళము మందమున పరచిన మెత్తని పిండి. పళ్ళెమును కొన్ని క్షణములు వానలో పట్టి లోనికి తెచ్చును. పడిన ప్రతి చినుకును పిండిలో ఒక చిన్న ఉండ కట్టును. ఆ యుండలను ఎండబెట్టి కొలిచిన చినుకుల పరిమాణము తెలియును. మైదాపిండితో మన పిల్లలును ఈ ప్రయోగమును చేయవచ్చును. తల్లుల యనుమతి మాత్రము ముందుగా పొందవలెను.

ఇక వేగము. 1949లో గన్, కింజర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు చినుకులు పడు వేగములను జాగ్రత్తగా కొలిచిరి. ఒక మిల్లీమీటరు చినుకు సెకనుకు సుమారు 4 మీటర్లు, రెండు మిల్లీమీటర్లది సుమారు 6½ మీటర్లు, ఐదు మిల్లీమీటర్లది సుమారు 9 మీటర్లు పడును. మన తొలకరిలోని సామాన్యమైన చినుకు రెండు మిల్లీమీటర్ల దనుకొందము. కెమేరా తలుపు, అనగా షట్టరు, సెకనులో 60వ వంతు తెరచియున్నచో అంతలో ఆ చినుకు దాదాపు 11 సెంటీమీటర్లు దిగిపోవును. కావున చిత్రమున అది చుక్కగా గాక జానెడుకు లోపలి సన్నని గీతగా కనబడును. 250వ వంతైనచో గీత రెండున్నర సెంటీమీటర్లు. 1000వ వంతైనచో ఆరున్నర మిల్లీమీటర్లు, అనగా చినుకు తన వెడల్పునకు మూడింతలు మాత్రమే సాగును. 15వ వంతైనచో నలుబది సెంటీమీటర్లకు పైగా సాగి, పలుచనై, కంటికి ఆనకుండ పోవును. 1839లో ఛాయాగ్రహణము వెలువడిన తొలిదినములలో పలకకు వెలుతురు నిమిషముల కొలది చూపవలసి వచ్చెడిది. అట్టి పలకపై వాన ఎంత కురిసినను ఒక్క చినుకైనను గుర్తు విడువజాలదు.

వాన గీతలుగా కనబడవలెనా, ముత్యములుగా కనబడవలెనా అనునది మన యిష్టము. గీతలకు 60 నుండి 125వ వంతు వరకు తగియుండును. కంటికి వాన గీతలుగనే తోచును కాబట్టి మాకదియే సహజముగా కనబడును. ముత్యములకు 1000వ వంతు కావలెను. అయితే మబ్బుపట్టిన వేళ అంత కొద్దికాలములో చాలినంత వెలుతురు లోనికి రాదు. ఫోనులోని ‘ప్రో’ అను విభాగమున ఐ.ఎస్.ఓ. సంఖ్యను 800కో 1600కో పెంచవలెను. అప్పుడు చిత్రమున ఇసుక చల్లినట్లు నలుసులు కొంత కనబడును. అందులకు చింతింప బనిలేదు. ‘ప్రో’ విభాగము లేని ఫోనులో ఈ సంఖ్యలు మన వశమున నుండవు. వెలుతురు ఎక్కువగా నున్న చోటికి మన మే జరుగుట అందులకు ఉపాయము.

వెలుతురు దిక్కును గూర్చి చెప్పబోవు సంగతి అన్నింటికంటె ముఖ్యము. చినుకు ఒక చిన్న గాజుగోళము వంటిది. దాని వెనుక నున్న వస్తువును మాత్రమే గాక ఆకాశములో విశాలమైన భాగమును అది తనలో వంచి మనకు చూపును. అందుచే చినుకు ఎల్లప్పుడు ఆకాశమంత వెలుగుతో నుండును. ఆకాశమునకు ఎదురుగా దానిని చూచినచో వెలుగులో వెలుగు కలిసిపోవును. నల్లని దాని ముందు చూచినచో వెండితీగవలె మెరయును. వాన చిత్రమునకు నీలాకాశము గాని, తెల్లని గోడ గాని, సముద్రము గాని వెనుక నుండరాదనుట ఇందుచేతనే. భోగాపురము పరిసరములలో నల్లని వెనుకతెరకు కొదువ లేదు. జీడితోట లోపలి నీడ, సరుగుడు తోట యంచు, చింతచెట్టు క్రింది చీకటి, దీపము లేని వసారా, తలుపు తెరచిన పశువులశాల, ఇవి యన్నియు పనికివచ్చును. వెలుతురు ప్రక్కనుండి గాని కొంచెము ఎదురుగా గాని వచ్చునట్లు నిలువవలెను. ఎండవాన కురియు సాయంకాలము సూర్యుని వైపు తిరిగి, సూర్యుడు చెట్టుమాటున పడునట్లు చూచుకొని, ఆ చెట్టునీడను వెనుకతెరగా పెట్టుకొన్నవానికి సంవత్సరమునకు ఒకటి రెండుసార్లు లభించు చిత్రము లభించును.

దూరము కూడ గమనింపవలెను. పది గజముల ఆవలి చినుకు ఫోను చిత్రమున విడిగా కనబడదు, పొగమంచుగా కలిసిపోవును. రెండు మూడు గజముల లోపలి చినుకులే మనకు గీతలుగా చిక్కును. వానలో ఫ్లాష్ దీపము వెలిగించినచో ముఖము దగ్గరి చినుకులపై ఆ వెలుగు పడి చిత్రమంతయు తెల్లని బిళ్ళలతో నిండును. కొందరికి అది ముచ్చటగా నుండును. మాకు మాత్రము గోడకు సున్నము చిందినట్లు తోచును.

క్రొత్తగా నేర్చుకొనువారు బయటి వానకంటె పెంకుటింటి చూరునుండి జారు నీటితో మొదలుపెట్టుట మేలు. చూరు చినుకులు పెద్దవి, ఒకే తావున పడుచుండును, తీయువాడు వసారాలో పొడిగా నుండవచ్చును. చినుకు పడు చోట ఒక పెన్సిలు నిలిపి, ఫోను తెరపై ఆ పెన్సిలు మీద వ్రేలు నొక్కి కొంతసేపు ఉంచినచో దృష్టి అక్కడ బిగిసిపోవును. పిదప పెన్సిలు తీసివేసి, వరుస చిత్రములు తీయవలెను. గుంటలోని నీటిపై చినుకు పడగా లేచు కిరీటమును చిత్రించుటకు ఇదియే పద్ధతి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో తీసిన పాలచుక్క కిరీటము లోకప్రసిద్ధమైనది. ఆయనకు సెకనులో లక్షల వంతు మాత్రమే వెలుగు మెరపు దీపములుండెను. మనకు లేవు. మన కిరీటము కొంచెము చెదరియే యుండును.

చినుకు కనబడకుండగనే వానను చెప్పు చిత్రములు కూడ కలవు. ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్స్ అను అమెరికా చిత్రకారుడు 1900 ప్రాంతమున న్యూయార్కు వీధిలో తీసిన ‘వసంతపు జల్లులు’ అను చిత్రమున సన్నని చెట్టొకటి, తడిసిన బాట, వీధి ఊడ్చు మనిషి, పొగమంచులో మాసిన మేడలు, ఇంతియే కలవు. 1983లో స్టీవ్ మెకర్రీ గుజరాతులోని పోరుబందరున వరదనీటిలో మెడవరకు మునిగి భుజమున కుట్టుమిషను మోసికొని వచ్చు దర్జీని చిత్రించెను. ఆ ముదుసలి నవ్వుచున్నాడు. నీరెంతవరకు వచ్చినదో, ఇంటిలో ఏది కాపాడదగినదో చూచువారికి వేరుగా చెప్పబనిలేదు. మన యూరిలో ఇట్టివి వెదకినచో తలపై యూరియా సంచి కప్పుకొని గట్టున నడచు రైతు, ఒక్క గొడుగు క్రింద ముగ్గురు పిల్లలు, ఒడ్డుకు లాగిన పడవ క్రింద దూరిన కుక్క కనబడును. తాటాకు గిడుగు ఏ వృద్ధుని యింటనైన నింకను మిగిలియున్నచో దానిని తప్పక చిత్రింపుడు.

భారతదేశపు వాన చిత్రములలో మిక్కిలి పేరుపొందినది, దగ్గరి చిత్రమునకు కూడ మాదిరియైనది, న్యూజీలాండు దేశస్థుడైన బ్రయన్ బ్రేక్ 1960లో తీసినది. 1961లో ‘లైఫ్’ పత్రికలో వెలువడెను. ఒక బాలిక ముఖము మాత్రమే చిత్రమును నింపియున్నది. కన్నులు మూసికొని మొగమెత్తినది, చెంపల మీద చినుకులు నిలిచియున్నవి, ముక్కున పచ్చరాయి పుడక. వెనుక ఏ వస్తువును లేదు. ఊరు లేదు, మబ్బు లేదు. అయినను వేసవి తీరి తొలకరి పడిన సంతోషమంతయు ఆ మొగమున కలదు. దగ్గరి చిత్రమున అనవసరమైనది విడుచుటయే సగము పని యని దీనివలన తెలియును. అయితే ఆ నీరు వాన నీరు కాదు. కలకత్తాలో ఒక మేడపైన మొక్కలకు నీళ్ళు పోయు డబ్బాతో పోసిన నీరు. ఆ బాలికయే తరువాత నటిగా, దర్శకురాలుగా ఖ్యాతి గాంచిన అపర్ణాసేన్. ముక్కు కుట్టియుండనందున పుడకను జిగురుతో అంటించిరని, నీళ్ళు పోసిరని ఆమెయే తెలిపినది.

ఈ సంగతి విని మా తరగతిలో పెద్ద వాదము జరిగినది. మోసమని కొందరు, కళ యని కొందరు. మా యభిప్రాయ మిది. చిత్రకారుడు బొమ్మ గీయునట్లు ఛాయాచిత్రమును కూర్చవచ్చును, అందు దోషము లేదు. కాని చూచువాడు దానిని జరిగిన సంగతిగా నమ్మునట్లు చేయరాదు. మన పాఠశాల ప్రదర్శనమున నీరు పోసి తీసిన చిత్రము క్రింద ‘నీరు పోసి తీసినది’ అని వ్రాయవలెను. ఇప్పుడు ఎండ చిత్రమునకు యంత్రముచే వానను చేర్చుట ఒక్క వ్రేలి పనియైనది. తుపాను దినములలో పాతచిత్రములు, కల్పితచిత్రములు ఒకరినుండి ఒకరికి పోయి ఊరి నెంత భయపెట్టునో పెద్దలెరుగుదురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు మన జిల్లాలో కూలిన చెట్లు, ఎగిరిన కప్పులు నిజమైన చిత్రములకే చాలినన్ని యుండెను.

ఇక చిన్న ప్రాణులు. దగ్గరి చిత్రమునకు మన ప్రాంతమున ఆరుద్ర పురుగును మించినది లేదు. సూర్యుడు ఆర్ద్రా నక్షత్రమున ప్రవేశించునది జూన్ 22 ప్రాంతము. ఆ కార్తెలో గట్టివాన పడిన మరునాటి ఉదయమున ఇసుక నేలలపైన, జీడితోటల గట్లపైన, ఎఱ్ఱని పట్టుగుడ్డ ముక్క నడచుచున్నట్లు ఈ ప్రాణి కనబడును. ఇంద్రగోపమని సంస్కృతమున దీనికి పేరు. పురుగని పిలుచుచున్నను ఇది పురుగు జాతి కాదు, సాలీడునకు చుట్టము. పెరిగినదానికి ఎనిమిది కాళ్ళుండును. పిల్లదశలో ఆరు కాళ్ళతో మిడుతల వంటి వాని నంటుకొని బ్రతుకును. పెద్దదైన తరువాత సంవత్సరమున చాలభాగము నేలలోపలనే దాగి, తొలివానలకు మాత్రము బయటికి వచ్చి, జతకూడి, మరల మంటిలోనికి పోవును. మనకు కనబడునవి ఆ కొద్ది దినములే. దీనిని అగ్గిపెట్టెలో గడ్డివేసి దాచుట మన పిల్లల పూర్వాచారము. పెట్టెలోనిది గ్రుడ్లు పెట్టు కాలమును పోగొట్టుకొని చచ్చును. నాటుమందుల నిమిత్తము దీనిని పోగుచేసి అమ్మువారును కలరు. చిత్రము తీయువాడు దానిని ముట్టుకొననే రాదని మా తరగతిలో నియమము. ముట్టిన వెంటనే అది కాళ్ళు ముడుచుకొనును, చిత్రమును చెడును.

దీనిని చిత్రించు విధము. గోనెపట్టా పరచుకొని నేలపై బోర్ల పరుండవలెను. నిలుచుండి క్రిందికి చూచి తీసిన చిత్రమున అది ఎఱ్ఱని మచ్చగా మాత్రమే యుండును. ఫోనును తలక్రిందులుగా పట్టినచో కటకము నేలకు దగ్గర పడి, చూపు ఆ ప్రాణి కన్నులంత ఎత్తునకు దిగును. అప్పుడు గడ్డిపరకలు చెట్లవలె, చెమ్మ ఇసుక మైదానమువలె నగును. సామాన్యమైన ఫోను ముఖ్యకటకము పది సెంటీమీటర్లకు దగ్గరగా నున్న వస్తువును స్పష్టముగా చూడజాలదు. అంతకు దగ్గరగా పెట్టి, చెదరిన చిత్రము తెచ్చుకొనుటకంటె జానెడు దూరమున నుంచి రెండింతలు పెద్దది చేయుట మేలు. కొన్ని ఫోనులు దగ్గరకు పోగానే తమంతట తామే వెడల్పు కటకమునకు మారును. అప్పుడు మన నీడ ఆ ప్రాణిపై పడకుండ చూచుకొనవలెను.

ఎఱుపు విషయమున ఒక చిక్కు గలదు. పచ్చని గడ్డి, ముదురు మన్ను ఎక్కువగా నున్న చోట కెమేరా దృశ్యము చీకటిగా నున్నదని భ్రమించి వెలుతురును పెంచును. వెంటనే ఎఱుపు నిండిపొర్లి, పట్టు నూగు యావత్తు మాసి, పురుగు ఎఱ్ఱని సిరా బొట్టుగా మారును. తెరపై వ్రేలుంచి క్రిందికి జరిపి వెలుతురును తగ్గింపవలెను. చిత్రము మనకు కొంచెము మసకగా తోచునంతవరకు తగ్గించినచో నూగు వెండ్రుక వెండ్రుకగా కనబడును. మబ్బు ఎండ ఇందులకు ఉత్తమము. నిండు ఎండ పనికిరాదు. అంత దగ్గరలో ఒకటి రెండు మిల్లీమీటర్ల మందము మాత్రమే స్పష్టముగా నుండును గనుక తలవైపునకే దృష్టి నిలుపవలెను. తోక చెదరినను ఎవ్వరును అడుగరు, తల చెదరినచో అందరును అడుగుదురు. అది నడచు దిక్కున చిత్రమున ఖాళీ విడువవలెను. పది తీసి తొమ్మిది చెరపివేయుటకు సిద్ధపడవలెను.

చేమాకు మీద నిలిచిన నీటిబొట్టు మరియొక మంచి వస్తువు. బొట్టు వెనుక జానెడు దూరమున మందారపువ్వు నుంచినచో బొట్టులో ఆ పువ్వు తలక్రిందులుగా కనబడును. పువ్వును తలక్రిందులుగా పట్టినచో బొట్టులో సరిగా నిలుచును. ఇందు తెలియదగిన మర్మమొకటి కలదు. బొట్టులోని పువ్వు బొట్టులో లేదు! నీటిగోళము దూరపు వస్తువు ప్రతిబింబమును తన మధ్యబిందువునుండి వ్యాసమంత దూరమున, మనవైపున, గాలిలో ఏర్పరచును. నాలుగు మిల్లీమీటర్ల బొట్టునకు ఆ ప్రతిబింబము బొట్టు ఉపరితలమునకు రెండు మిల్లీమీటర్లు ముందుగా నుండును. కావున బొట్టు అంచునకు దృష్టి నిలిపినచో లోపలి పువ్వు చెదరును. ఫోనును వెండ్రుకవాసి వెనుకకు జరిపినచో పువ్వు తేటపడును. పదవ తరగతివారు కటకముల పాఠము చదువునాడు దీనిని చేసి చూడవలెను. కంసాలులు వాడు పదింతల భూతద్దము దొరికినచో ఫోను కటకమునకు ఆనించి రబ్బరు పట్టీతో కట్టవచ్చును. అప్పుడు వస్తువు రెండున్నర సెంటీమీటర్ల దూరమున తేటపడును. చీమ కన్నును, మందారపు పుప్పొడిని చూచుటకు అది చాలును.

ఫోను మీది కాదు, ఇంటివారిది. వాయిదాలపై కొన్నదై యుండును. దానితోనే తండ్రి పనికి పిలుపు అందుకొనును. కావున దానిని పాలితీన్ సంచిలో నుంచి, కటకమున్న చోట మాత్రము చిన్న రంధ్రము చేసి వాడవలెను. నీటికి చెడదని పెట్టెమీద వ్రాసిన గుర్తులను నమ్మి సముద్రపు నీటిలో ముంచరాదు. ఆ పరీక్షలు కదలని మంచినీటిలో చేయునవి. ఉప్పునీటికి ఆ హామీ వర్తింపదు. తడిసిన ఫోనును బియ్యపు డబ్బాలో పూడ్చుట వాడుకలో నున్నది. నలుసులు లోనికి చొచ్చుననియు, అట్లు చేయవలదనియు ఫోనులు తయారుచేయు కంపెనీవారే చెప్పుచున్నారు. దానిని నిలిపివేసి, తుడిచి, గాలి తగులు చోట నుంచవలెను.

పిడుగు విషయమున మినహాయింపు లేదు. మెరుపునకును ఉరుమునకును నడుమ 30 సెకనులకంటె తక్కువ యున్నచో చిత్రము విడిచి పక్కాయింటిలోనికి పోవలెను. కడపటి ఉరుము తరువాత అరగంట వరకు బయటికి రారాదు. తాటిచెట్టు క్రింద, పొలము నడుమ, తీరమున నిలువరాదు. పూనాలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్రసంస్థవారు చేసిన ‘దామిని’ యను ఫోను సాధనము దగ్గరి పిడుగులను తెలుపును. తలిదండ్రులు దానిని పెట్టుకొనుట మంచిది. పొంగుచున్న గెడ్డ ఒడ్డున చిత్రములు తీయువారిని మేము ప్రదర్శనమున చేర్చుకొనము, చిత్రమెంత బాగున్నను సరే.

ఊడ్పుల కాలమున వరిమడిలో వంగియున్న స్త్రీలను చిత్రింప కోరిక కలుగుట సహజము. ముందు పిలిచి, ‘అమ్మా, తీయవచ్చునా’ యని అడుగవలెను. వద్దనినచో నమస్కరించి వచ్చివేయవలెను. తడిసిన వస్త్రములతో నున్నవారి ముఖము తెలియునట్లు అడుగక తీయుట మర్యాద గాదు. చేతులు, నారుకట్టలు, నీటిలో వారి నీడలు, ఇవియును చిత్రములే. తీసినదానిని వారికి చూపవలెను.

భోగాపురమున విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. జీడితోటలును మెట్టభూములును ఉండిన చోట నేల చదును చేయబడినది, కొన్ని పల్లెలవారు క్రొత్త యిండ్లకు తరలిరి. ఇప్పుడు మీరు తీయు గట్టు, తోట, దారి మరి పది సంవత్సరములకు ఇట్లే యుండునని చెప్పజాలము. కావున ప్రతి చిత్రమునకు తేది, కార్తె, గ్రామము, ఏ దిక్కునకు తిరిగి తీసితిరో, వాన ఎంతసేపు కురిసినదో ఒక కాగితమున వ్రాసి చేర్పుడు. ఆరుద్ర పురుగు కనబడిన తావును, ఎన్ని కనబడినవో ఆ లెక్కను వేరుగా వ్రాయవలెను. చిత్రములను ఆరుద్ర కార్తె ముగిసిన వారము లోపల జీవశాస్త్ర ప్రయోగశాలలో అందజేయవలెను. అచ్చు వేయించుటకు ఖర్చు పెట్టనక్కరలేదు. ఫోనులోనే తెచ్చినచో మేము తీసికొందుము.